మందలించే బడి

కరీంనగర్ పల్లెల్లో ‘మందలించుడు’ అంటే ఆగి మంచీచెడూ అడగడం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు మన బడులు బాకీపడ్డ పలకరింపు అది. ఆ పలకరింపు లేని చోట పాఠం ఎందుకు ఎక్కదో చెప్పే కథనం ఇది.

ఒకే మాటకు రెండు చోట్ల రెండు అర్థాలు. పుస్తకాల తెలుగులో మందలించడమంటే తప్పు చేసినవాణ్ని కోప్పడటం. అదే మాట సిరిసిల్ల బజారులోనో కోరుట్ల బస్టాండులోనో వినిపిస్తే పలకరింపని అర్థం. ‘ఏం మందల?’ అంటే ‘ఏంది సంగతి, ఇంట్ల అందరు మంచిగున్నరా?’ అని. కష్టం వచ్చిన ఇంటికి పోయి కాసేపు కూర్చుని వస్తే ‘మందలిచ్చి వచ్చిన’ అంటారు. దుబాయ్ నుంచి దిగినవాణ్ని వాడకట్టంతా వచ్చి మందలిస్తుంది. ఎదురుపడి కూడా పలకరించకుండా పోయినవాడి మీద ‘కనీసం మందలియ్యలే’ అని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఇంట్లో ఈ అర్థంతో పెరిగిన పిల్ల బడి గేటు దాటగానే అదే మాటకు రెండో అర్థం నేర్చుకుంటుంది. మొదటి అర్థాన్ని బడిలోకి తెచ్చుకోవాలన్నది ఈ కథనం వాదన. మంచి మనసున్న పంతుళ్లు దొరికితే బాగుండునన్న ఆశతో చేస్తున్న వాదన కాదిది. పిల్ల ఏ స్థితిలో వచ్చి కూర్చుందో తెలియకుండా చెప్పే పాఠం సగం వృథా అవుతుంది కాబట్టి, తెలుసుకోవడం కూడా బోధనలో భాగమే.

సానుభూతికీ సహానుభూతికీ మనం పెద్దగా తేడా పాటించం. బడిలో ఆ తేడా చాలా పెద్దది. సానుభూతి ఉన్న పంతులు ‘పాపం, తండ్రి దగ్గర లేని పిల్ల’ అనుకుని ఊరుకుంటాడు. సహానుభూతి ఉన్న పంతులు ఆ పిల్లకు లెక్కల్లో భిన్నాలు ఎందుకు రావడం లేదో ఆరా తీస్తాడు. భిన్నాలు చెప్పిన వారం ఆ పిల్ల బడికి రాలేదు. ఆ వారం అమ్మమ్మ దవాఖానలో ఉంది, తమ్ముణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇంత తెలిశాక ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కరలేదు, ఆ ఒక్క పాఠం మళ్లీ చెబితే సరిపోతుంది. తెలియకపోతే మాత్రం ‘దీనికి లెక్కలు రావు’ అన్న ముద్ర పడుతుంది, అది పదో తరగతి దాకా వెంటే వస్తుంది. నాడి చూడకుండా మందు రాసే వైద్యుణ్ని నమ్మని మనం, పిల్లను చూడకుండా పాఠం చెప్పే బడిని ఎందుకు నమ్ముతున్నాం?

సాంచ, చాట, ఫోను

ఈ పిల్లలు ఎలాంటి ఇళ్ల నుంచి వస్తారో చూద్దాం. ముందు సిరిసిల్ల. ఇక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. ముప్పై వేలకు అటూ ఇటూగా ఉన్న సాంచాలు ఆడుతుంటే ఇంట్లో పొయ్యి వెలుగుతున్నట్టు లెక్క. అవి ఆగితే ఆ నిశ్శబ్దం పిల్లలకూ అర్థమవుతుంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ఏటా కోటి చీరల దాకా నేయించి కొన్ని నెలల కూలికి భరోసా ఇచ్చింది. 2023 తర్వాత అది నిలిచిపోయింది. సాంచాలు ఆగాయి గాని అప్పుల మీద వడ్డీ ఆగలేదు, నేత కుటుంబాల్లో ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాయి. సర్కారు బడి పిల్లల యూనిఫాం గుడ్డ కూడా చాలామటుకు ఈ సాంచాల మీదే తయారవుతుంది. మొదటి బెంచీలో కూర్చున్న పిల్లవాడి చొక్కా గుడ్డ వాళ్ల బాపు నేసిందే కావచ్చు. ఆ చొక్కాకు గుండీ లేదని ప్రార్థన వేళ పక్కన నిలబెట్టే బడికి, ఆ గుడ్డ నేసిన చేతికి రెండు నెలలుగా పని లేదన్న సంగతి తెలియనక్కరలేదా?

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు వెళితే అరుగుల మీద చాటలు కనిపిస్తాయి. చాటలో నీళ్లలో నానబెట్టి మెత్తబరచిన తునికాకు, పక్కన తంబాకు, కత్తెర, దారం ఉండ. కొలత రేకు పెట్టి ఆకు కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి, మూతి లోపలికి మడవాలి, పాతికేసి లెక్కన కట్టలు కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి తల్లికి ఇంకో రెండు చేతులు సాయమైతే ఆ పూట వెయ్యి నిండుతుంది. బీడీల తయారీని 1986 బాలకార్మిక చట్టమే పిల్లలకు నిషేధించిన పనుల్లో చేర్చింది. అయినా సాయంత్రం బడి విడిచాక ‘కొన్ని మూతులు మడవరాదే బిడ్డా’ అని తల్లి అడిగితే కాదనే ఆడపిల్ల ఎవరు? మర్నాడు మొదటి పీరియడులో ఆ పిల్ల వేళ్లకు తంబాకు వాసన ఉంటుంది, నోటుబుక్కులో ఇంటిపని ఉండదు. టీచరుకు కనబడేది ఖాళీ పేజీ. దాని వెనుక చాట ఉందని తెలిసిన టీచరు అదే ఇంటిపనిని బడి వదలకముందే పావుగంటలో చేయించి పంపుతుంది.

మూడోది గల్ఫ్. దుబాయ్, మస్కట్, సౌదీ అన్న పేర్లు ఈ ప్రాంతంలో పక్క మండలాల పేర్లంత మామూలు. చాలా ఇళ్లల్లో తండ్రి అంటే శుక్రవారం ఫోనులో కనిపించే ముఖం. దుబాయ్‌లో ఒక హత్య కేసులో ఇరుక్కున్న సిరిసిల్ల జిల్లావాళ్లు ఐదుగురు దాదాపు 18 ఏళ్లు అక్కడి జైలులో ఉండి, 2024 ఫిబ్రవరి నాటికి ఇల్లు చేరారు. 18 ఏళ్లంటే ఒక పిల్ల ఒకటో తరగతిలో చేరి, పదో తరగతి రాసి, ఇంటర్, డిగ్రీ పూర్తిచేసి, ఇంకా పైకి వెళ్లేటంత కాలం. ఇంతకాలం ప్రోగ్రెస్ కార్డు మీద ‘తండ్రి సంతకం’ అన్న గీత దగ్గర ఆ ఇంటి పిల్లలు ఏం చేసి ఉంటారు? ఇది అరుదైన ఉదాహరణ, నిజమే. కానీ రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు మీద వచ్చిపోయే తండ్రులున్న ఇళ్లు ఇక్కడ అరుదేమీ కాదు. ఈ నష్టాన్ని సర్కారు కూడా గుర్తించింది. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రూ.5 లక్షల సాయం, గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం అంటూ 2024లో నిర్ణయాలు తీసుకుంది. సచివాలయానికి తెలిసిన సంగతి తరగతి గదికి తెలియకపోతే ఎట్లా?

ఆకలికి ఒప్పుకున్నాం, దిగులుకు ఒప్పుకోమా?

‘ఇంటి సంగతులతో బడికేం పని?’ అని అడిగేవాళ్లు ఒకనాడు ఆకలి గురించీ ఇదే మాట అన్నారు. పిల్లకు అన్నం పెట్టడం తల్లిదండ్రుల పని, చదువు చెప్పడం బడి పని అన్న గీత చాలాకాలం చెరగలేదు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2003 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో పొయ్యి వెలిగింది. ఇవాళ మధ్యాహ్న భోజనం దానమని ఎవరూ అనరు. కడుపు కాలుతున్న పిల్లకు ఎక్కాలు ఎక్కవన్న సాదా నిజాన్ని వ్యవస్థ ఒప్పుకుంది, అంతే. దిగులు విషయంలోనూ తర్కం ఇదే. రాత్రంతా అప్పులవాళ్ల కేకలు విన్న పిల్లవాడు తెల్లారి పద్యం అప్పజెప్పలేడు. ఆకలి కంటికి కనిపిస్తుంది, గంట కొట్టి అన్నం పెట్టొచ్చు. దిగులు అడిగితే తప్ప బయటికి రాదు. అందుకే దానికి జీవో సరిపోదు, మనిషి కావాలి.

ఇన్నాళ్లూ మనం కొలిచింది కంటికి కనిపించేవే. 2022 మార్చిలో వనపర్తిలో మొదలైన ‘మన ఊరు – మన బడి’ 26,065 బడులకు రూ.7,289 కోట్ల అంచనాతో 12 రకాల పనులు పెట్టుకుంది. నీళ్లున్న మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, బల్లలు, రంగులు, ప్రహరీ, వంటగది, డిజిటల్ పాఠాలు... ఇవన్నీ కావలసినవే. ఆడపిల్లకు మరుగుదొడ్డి లేని బడిలో సహానుభూతి గురించి మాట్లాడటం ఎగతాళి అవుతుంది. అయితే ఆ 12లో పిల్ల మాట వినేవాళ్లకు చోటు లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2010 ఏప్రిల్ నుంచి కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. బడి ఏం చేయకూడదో చట్టం చెప్పింది. బెత్తం పక్కన పెట్టాక ఆ చేత్తో ఏం పట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు. ఆ ఖాళీలోకి చాలాచోట్ల వెటకారం వచ్చి కూర్చుంది. ఒంటి మీద వాతలు తేలవు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

లెక్కలు కావాలనేవారికి లెక్కలున్నాయి. తమ భావాలను అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం నేర్పే బడి కార్యక్రమాల మీద జరిగిన 213 పరిశీలనలను అమెరికా పరిశోధకులు 2011లో ఒకచోట చేర్చి చూశారు. అందులో 2,70,034 మంది పిల్లలున్నారు. ఆ కార్యక్రమాలు నడిచిన బడుల్లో పిల్లల ప్రవర్తనతో పాటు చదువూ మెరుగైంది. వందమందిని వరుసగా నిలబెడితే నడుమనున్న పిల్ల పదకొండు మెట్లు పైకి జరిగినంత మార్పు. టీచర్ల మీద జరిగిన ఇంకో పరిశోధన మనకు మరింత దగ్గరిది. 2016లో అచ్చయిన ఆ అధ్యయనంలో కాలిఫోర్నియాలోని ఐదు బడుల్లో 31 మంది లెక్కల టీచర్లను తీసుకున్నారు. కొందరికి అల్లరిచేసే పిల్లల వైపు నుంచి ఆలోచించడం గురించి రెండు విడతల్లో, మొత్తం గంట పైచిలుకు పాఠాలిచ్చారు. మిగిలినవారు సాంకేతికత గురించి చదువుకున్నారు. ఏడాది తిరిగేసరికి రెండో బృందం దగ్గర చదివినవారిలో 9.6 శాతం మంది సస్పెండయ్యారు, మొదటి బృందం దగ్గర 4.8 శాతం మంది. పిల్లలు మారలేదు, సిలబస్ మారలేదు. పిల్లవాడి అల్లరిని పంతులు చదివే తీరు మారింది.

ఇంటి మాటకు మర్యాద

అడగడమంటే పిల్ల తెచ్చిన భాషలోనే విని అర్థం చేసుకోవడం కూడా. వేములవాడ దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి.నారాయణరెడ్డి నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు, ఊళ్లో హరికథలు, జంగం కథలు, బడిలో మాత్రం ఉర్దూ. ఆయన ఆ రెంటినీ గెలుచుకుని తెలుగుకు పెద్ద కవి అయ్యారు. అలా గెలవలేక బడి మానేసినవారి పేర్లు ఏ చరిత్రలోనూ ఉండవు. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది. తల్లిదండ్రులు కోరుకున్నదే అది, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఇప్పుడు ఈ పిల్ల మూడు భాషల మధ్య నడుస్తోంది: ఇంట్లో ‘బాపు దుబాయ్ల ఉన్నడు’, పుస్తకంలో ‘నాన్న దుబాయ్‌లో ఉన్నారు’, బోర్డు మీద ఇంగ్లిష్. మొదటి మాటకే తరగతి నవ్వి, టీచరూ ఆ నవ్వులో కలిస్తే, మిగతా రెండు భాషల్లో ఆ పిల్ల నోరు తెరవదు. నోరు తెరవని పిల్ల సందేహం అడగదు. సందేహం అడగని తరగతికి వెళ్లి ‘అర్థమైందా?’ అని ఎంత గట్టిగా అడిగినా ‘అయింది సార్’ అన్న కోరస్ తప్ప జవాబు రాదు.

‘భయం లేకుంటే చదువు రాదు’ అనేవారికి

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో అన్నిటికన్నా పాతది క్రమశిక్షణ. భయం లేకపోతే పిల్లలు నెత్తికెక్కుతారని చాలామంది తల్లిదండ్రులే అంటారు. ‘కొట్టి అయినా చదువు చెప్పండి సార్’ అని అప్పగించిపోయే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. భయం ఏం చేయగలదో, ఏం చేయలేదో ఈ నేలకు ఎవరూ చెప్పక్కర్లేదు. తరాలపాటు వెట్టి నడిచింది భయం మీదే. దొర గడి ముందునుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచినవారిలో గౌరవం ఎంతుందో 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర అన్న రైతుకూలీల ఊరేగింపులో కదిలిన వేలమంది చూపించారు. అదే ఏడు అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాలలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాల్సి వచ్చింది. భయంతో వచ్చిన విధేయత భయం పోయిన రోజున ఎటు తిరుగుతుందో ఈ జిల్లాలు చూశాయి. బడిలోనూ అంతే. సార్ తరగతిలో ఉన్నంతసేపు నిశ్శబ్దం, ఆయన గడప దాటగానే గోల. అట్లాగని సహానుభూతి అంటే అడ్డూ అదుపూ లేకపోవడం కాదు. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి ఆలస్యం తప్పేనని చెప్పాలి, ఎందుకైందో కూడా వినాలి. రెండూ చేసే పంతులు మాటకే పిల్లలు కట్టుబడతారు.

రెండో అభ్యంతరం దీనికన్నా పదునైనది. కష్టం తెలిస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే ‘వీడి మీద ఒత్తిడి వద్దు, పాసైతే చాలు’ అన్న తగ్గింపు వస్తుంది, చివరికి బీద పిల్లకు బీద చదువే దక్కుతుంది. ఈ ప్రమాదం నిజమైనదే. 1968లో పరిశోధకులు రోజెంతాల్, జాకబ్‌సన్ రాసిన పుస్తకం సంగతి విద్యాశాస్త్రం చదివినవారికి తెలుసు. చీటీ తీసినట్టు ఎంచిన కొందరు పిల్లల పేర్లిచ్చి ‘వీళ్లు ఈ ఏడు బాగా ఎదుగుతారు’ అని టీచర్లకు చెప్పారు. చిన్న తరగతుల్లో ఆ పిల్లలు నిజంగానే మిగతావారికన్నా ముందుకు వెళ్లారని వారి వాదన. ఆ ప్రభావం ఎంతన్న దానిపై తర్వాత చాలా చర్చ నడిచింది గానీ, పంతులు ఆశ పిల్ల మీద పనిచేస్తుందన్న మాటను ఎవరూ పూర్తిగా కొట్టేయలేదు. కాబట్టి కష్టం తెలుసుకోవడం లక్ష్యం తగ్గించడానికి కాదు. బీడీల మూతులు మడిచే పిల్లకూ అదే లెక్క ఇవ్వాలి, అది చేయడానికి చోటూ సమయమూ కూడా బడే చూపించాలి.

మూడోది మనోవిజ్ఞాని పాల్ బ్లూమ్ 2016లో ఒక పుస్తకమే రాసి లేవనెత్తిన అభ్యంతరం: సహానుభూతి పక్షపాతి. మనలాంటివారి మీదే తొందరగా పుడుతుంది. మన సమాజానికి ఇది అక్షరాలా వర్తిస్తుంది. పంతులుకు తన కులం పిల్ల, తన ఊరి పిల్ల, చలాకీగా జవాబు చెప్పే పిల్ల కష్టం ముందు కనిపిస్తుంది. వెనక బెంచీలో తల దించుకున్న పిల్ల అసలు కనిపించదు. దీనికి విరుగుడు సహానుభూతిని వదిలేయడం కాదు, దాన్ని మనసు కదిలినప్పుడే చేసే పనిగా కాక, హాజరు పిలిచినంత మామూలు పద్ధతిగా మార్చుకోవడం. హాజరులో నచ్చిన పేరు, నచ్చని పేరు ఉండవు, ఒకటో నంబరు నుంచి చివరి నంబరు దాకా పిలుస్తారు. అడగడమూ అట్లాగే వరుసలో రావాలి.

చివరిది టీచర్ల నోట వినిపించేది: ‘నలభై మంది, నాలుగు రిజిస్టర్లు, మూడు యాప్‌లు. ఎవరినని అడగాలి?’ ఇందులో సగానికి జవాబు సిరిసిల్ల కార్ఖానాలోనే ఉంది. ఒక్క కార్మికుడు షిఫ్టులో ఎన్నో సాంచాలు చూస్తాడు. అన్నిటి దగ్గరా ఒకేసారి నిలబడడు. చప్పుడు తేడా వచ్చిన సాంచ దగ్గరికి పోతాడు, ఆపుతాడు, తెగిన పోగు కొస వెతికి ముడి వేస్తాడు, మళ్లీ నడుపుతాడు. తెగిన పోగును చూడకుండా నడిపిస్తే గుడ్డ పొడుగునా చార పడుతుంది, ఆ గజాలకు కూలి కోత పడుతుంది. తరగతిలోనూ పోగు అందరికీ ఒకేరోజు తెగదు. ఏ పిల్ల చప్పుడు మారిందో గమనించే చెవి కావాలి. మిగతా సగానికి మాత్రం జవాబు చెప్పాల్సింది సర్కారే. 2021 డిసెంబరులో టీచర్లను జిల్లాలకు కేటాయిస్తూ వచ్చిన 317 జీవోతో ఎందరో టీచర్లు సొంత జిల్లాలకు, కొందరు భార్యాభర్తలు ఒకరికొకరు దూరమయ్యారు. తమ గోడు వినమని ఏళ్ల తరబడి తిరిగిన టీచర్లను పిల్లల గోడు వినమనడం బరువైన మాటే. రెండు తరగతులను ఒకరికే అప్పగించి, ఎన్నికల పనీ సర్వే పనీ మీద వేసి, ఆపైన సహానుభూతి కూడా చూపించమంటే అది మరో హుకుం అవుతుంది. కింద పిల్ల దాకా రావాలంటే ఈ గుణం పైనుంచే మొదలు కావాలి.

నేర్పగలిగేదే, నేర్చుకోగలిగేదే

సహానుభూతి పుట్టుకతో వచ్చే గుణమనీ, శిక్షణతో రాదనీ అనేవాళ్లు నారాయణరెడ్డి పుట్టిన ఊరినే ఇంకోసారి చూడాలి. ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ హనుమాజీపేటే. ఒగ్గు కథకుడు ఒక్కడే మల్లన్న అవుతాడు, మరుక్షణం తల్లవుతాడు, దొరవుతాడు, గొర్రెలకాపరి అవుతాడు. గొంతు మార్చి, నడక మార్చి, ఎదుటి మనిషి లోపలినుంచి మాట్లాడతాడు. అదంతా గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య. బీఈడీ, డీఈడీ తరగతుల్లో పాఠ్యప్రణాళిక రాయడం నేర్పినట్టే, ఒక పిల్ల రోజును పొద్దున నాలుగింటి నుంచి రాత్రి దాకా ఆ పిల్ల వైపు నుంచి చెప్పడం నేర్పొచ్చు. 2024లో 11,062 పోస్టుల డీఎస్సీతో వేలమంది కొత్త టీచర్లు బడుల్లోకి వచ్చారు. సిరిసిల్లలో చేరినవారు ఒక్కపూట కార్ఖానాలో, కోరుట్లలో చేరినవారు ఒక్క సాయంత్రం బీడీల అరుగు మీద గడిపితే పది శిక్షణ శిబిరాల్లో దొరకనిది తెలుస్తుంది. ఢిల్లీ సర్కారు 2018లో పెట్టినట్టు రోజూ ఒక ‘హ్యాపీనెస్’ పీరియడు పెట్టుకున్నా తప్పులేదు. కానీ ఆ పీరియడులో కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చోబెట్టి, తర్వాతి పీరియడులో వెటకారం చేస్తే పిల్లలు ఏది నమ్ముతారో తెలిసిందే.

చేయగలిగినవి చిన్నవి, ఖర్చు లేనివి. ప్రోగ్రెస్ కార్డు మీద ‘తండ్రి సంతకం’ తీసేసి ‘ఇంటి పెద్ద సంతకం’ అని అచ్చువేస్తే అమ్మమ్మ వేలిముద్రకూ మర్యాద దక్కుతుంది. తల్లిదండ్రుల సమావేశం పెట్టేముందు ఆ రోజు వెయ్యి బీడీల కూలి పోకుండా ఏ వేళ కుదురుతుందో తల్లులనే అడగొచ్చు. ఇక హాజరు. ఇప్పుడు ఫోను ముందు నిలబడితే యాప్ ముఖం గుర్తుపట్టి హాజరు వేస్తోంది. ఆ ముఖం నిన్నటిలా ఉందా లేదా అన్నది మాత్రం ఇంకా పంతులు చూడాల్సిందే. నాలుగు రోజులు రాని పిల్ల ఐదో రోజున గుమ్మంలో నిలబడుతుంది. ‘ఎందుకు రాలేదు?’ అంటే ఆ పిల్ల సాకు వెతుక్కుంటుంది. ‘ఏమైంది బిడ్డా?’ అంటే సంగతి చెబుతుంది. రెండు ప్రశ్నలకూ పట్టే సమయం ఒక్కటే. రెండోదానికి వచ్చే జవాబు విన్న టీచరు, మధ్యాహ్నం గంట కొట్టాక ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, బోర్డు మీద ఒక రొట్టె గీసి, నాలుగు ముక్కలు చేసి, భిన్నాలు మొదటి నుంచి మొదలుపెడుతుంది.